శనివారం రీలోడింగ్ మొదటి క్లాసు

డాలస్ షూటింగ్ రేంజ్ మిత్రులందరికీ నమస్కారం!

రైఫిల్ తూటాలు ఇంట్లో రీలోడ్ చేయడం (కాల్చిన తూటా ఖాళీ గొట్టంలో మళ్లీ పౌడర్, అంటే తుపాకి మందు, బుల్లెట్ పెట్టడం) ఎలా మొదలుపెట్టాలని చాలామంది అడుగుతున్నారు. ఈ శనివారం ఉదయం 10కి మా గ్యారేజ్‌కి రండి. .308 విన్‌చెస్టర్ అనే రైఫిల్ తూటా రకం ఒక్కటే చేద్దాం.

మీరు కాల్చిన ఇత్తడి కేసులు (తూటా ఖాళీ గొట్టాలు) ఓ 20 తెచ్చుకోండి. మెడ దగ్గర చీలిక గానీ, అడుగుకి కాస్త పైన మెరిసే గీత గానీ కనిపిస్తే అవి పనికిరావు. కాలిపర్ (పొడవు కొలిచే పరికరం) ఉంటే తీసుకురండి. సైజింగ్ (కేసును డై అనే అచ్చులోకి నొక్కి అసలు కొలతకి తేవడం) అయ్యాక కేసు పొడవు 2.015 అంగుళాలు దాటితే ట్రిమ్ చేయాల్సిందే.

సైజింగ్‌కి ముందు కేసుకి పూసే లూబ్ (జారుడు పూత) మాత్రం మరవద్దు. మొదట్లో నేను మరిచిపోతే కేసు డైలో ఇరుక్కుని సాయంత్రమంతా దానికే సరిపోయింది. అలాగని ఎక్కువ పూసినా కేసు భుజం (మెడ కింద వాలు భాగం) దగ్గర సొట్ట పడుతుంది.

పౌడర్ కొలత అచ్చయిన లోడ్ మాన్యువల్ (పౌడర్ కొలతల పుస్తకం) చూసే వేస్తాం, అందులోని స్టార్టింగ్ లోడ్ (మొదలుపెట్టే తక్కువ కొలత) నుంచే. ఎవరో వీడియోలో చెప్పిన అంకెలు వద్దు, ప్లీజ్. బెంచ్ మీద ఒకే పౌడర్ డబ్బా ఉంటుంది. బుల్లెట్ పెట్టేముందు టార్చ్ వేసి ప్రతి కేసులోకీ తొంగి చూడాలి. ఒకదాంట్లో పౌడర్ మట్టం తేడాగా ఉన్నా ఆగిపోదాం.

రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. ఫోన్లు బయటే. పిల్లల్ని తీసుకురాకండి. అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే టిఫిన్, సీసం ఉంటుంది కదా.

చోటు ఆరుగురికే. గురువారం రాత్రిలోగా పేరు చెప్పండి.

ఇంకో మాట: రేంజ్ బ్యాగుతో ఇండియా ప్రయాణం వద్దే వద్దు. అడుగున ఒక్క తూటా దొరికినా అక్కడ ఆయుధాల చట్టం కింద ఇబ్బందుల్లో పడతారు.