కాటన్‌లందరూ మన కాటన్ దొర కాదు

సంపాదకులకు,

మే 15 దగ్గర పడిందంటే గోదావరి జిల్లాల పేజీలు, ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టించిన ఇంగ్లీషు ఇంజనీరు కాటన్ దొర జయంతి వార్తలతో నిండుతాయి. విగ్రహాలకు దండలు, రైతుల సభలు, ఆదివారం అనుబంధంలో ఓ వ్యాసం. సంతోషమే. కాకపోతే కాటన్ అనేది ఒక మనిషి పేరు కాదు, ఇంటిపేరు అన్న సంగతి మరవడం వల్ల పొరపాట్లు దొర్లుతుంటాయి. వాటిని సరిచూసుకోవడం కష్టమేమీ కాదు.

ముందు అర్థం. ఈ కాటన్‌కీ పత్తికీ చుట్టరికం లేదు. పత్తిని చెప్పే ఇంగ్లీషు మాట అరబ్బీ 'కుత్న్' నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఇంటిపేరు అంతకంటే పాత ఇంగ్లీషు మాట 'కాట్', అంటే గుడిసె, నుంచి పుట్టింది. 'కాటుం' అంటే 'గుడిసెల దగ్గర'. అలా పిలిచిన పల్లెలు ఇంగ్లండులో చాలాచోట్ల ఉన్నాయి. ఒకటి కేంబ్రిడ్జి పక్కన, ఇంకొకటి స్టాఫర్డ్‌షైర్‌లో. అక్కడి నుంచి కదిలినవారికి ఊరి పేరే ఇంటిపేరైంది. వేమూరు నుంచి వచ్చినవారు వేమూరి వారైనట్టే. వేమూరి వారందరూ ఒకరికొకరు దాయాదులు కారు కదా, కాటన్‌లూ అంతే. అందుకే ఈ పేరును ఎక్కడా 'పత్తి' అని అనువదించకూడదు. యంత్రానువాదం వాడే పత్రికల డెస్కుల్లో ఈ ఒక్క మాటను చేత్తో దిద్దుకోక తప్పదు.

మన ఆర్థర్ థామస్ కాటన్ 1803లో పుట్టి 1899 జూలై 24న ఇంగ్లండులోని డార్కింగ్‌లో పోయారు. చెషైర్‌లో కాంబర్‌మియర్ ఎస్టేటు ఉన్న కుటుంబానికి చెందిన హెన్రీ కాల్వెలీ కాటన్‌కు పదో కొడుకు. భరత్‌పూర్ కోటను 1826లో పట్టిన సేనాని లార్డ్ కాంబర్‌మియర్ అసలు పేరు స్టేపుల్టన్ కాటన్, ఆర్థర్‌కు పెదతండ్రి కొడుకు. అన్న సిడ్నీ సైన్యంలో జనరల్. తమ్ముడు ఫ్రెడరిక్ కూడా మద్రాసు ఇంజనీర్ల దళంలోనే ఉండేవాడు. కాబట్టి పాత రికార్డుల్లో పదవి పక్కన ఉత్త 'కాటన్' అని కనబడితే అది ఆర్థరేనని తేల్చేయకండి. ముందున్న పొడి అక్షరాలు చూడాలి. 'ఎ.టి.' అయితే ఆర్థర్, 'ఎఫ్.సి.' అయితే ఫ్రెడరిక్.

'సర్' విషయంలో రెండు తప్పులు జరుగుతాయి. ఆ బిరుదు మనిషికి పెట్టిన పేరుకు ముందు వస్తుంది, ఇంటిపేరుకు కాదు. 'సర్ ఆర్థర్' అనొచ్చు, 'సర్ ఆర్థర్ కాటన్' అనొచ్చు, 'సర్ కాటన్' అనకూడదు. రెండోది, ఆ బిరుదు 1861లో వచ్చింది. '1847లో సర్ ఆర్థర్ శంకుస్థాపన' అని రాస్తే పద్నాలుగేళ్లు ముందే ఇచ్చేసినట్టు. మన కాటన్ దొర అనే పిలుపు హాయిగా ఉంది, దాంతో ఏ చిక్కూ లేదు.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు ధవళేశ్వరంలోనే. ఇప్పుడు నది మీద కనబడేది కాటన్ కట్టినది కాదు, కాటన్ పేరు పెట్టినది. ఆయన 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ముగించినది ఆనకట్ట, అంటే నదికి అడ్డంగా కట్టిన రాతి గోడ. అంత వెడల్పు నదిలో పునాదికి గట్టి రాయి దొరకదు. అందుకని పునాదిగా బావుల్లాంటి గుండ్రటి కట్టడాలను ఇసుకలోకి దించి, వాటి మీద కట్టడం లేపి, దిగువన వరద కోసేయకుండా పెద్ద రాళ్లు పరిచారు. ఇసుక మీద కట్టడం ఎలా నిలుస్తుందో ఆయన కావేరి మీది పురాతన ఆనకట్ట కల్లణైని చూసి నేర్చుకున్నారు. వరద ఆ గోడ మీదుగా పొర్లిపోయేది. మేట వేసిన ఇసుకను తోయడానికి తూములు ఉండేవి, కాలువలకు నీరు తలుపుల ద్వారా వెళ్లేది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయల మీద నాలుగు ముక్కలుగా ఉండేది, మధ్యలో లంకలు.

బ్యారేజీ వేరు. పాత ఆనకట్ట బలహీనపడ్డాక 1970లలో పని మొదలై 1982కి పూర్తయింది. ఇందులో వరదను గోడ మీదుగా పొర్లనివ్వరు, గేట్లు ఎత్తి వదులుతారు. ధవళేశ్వరం వైపు 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39, మొత్తం 175 గేట్లు. 'కాటన్ 1852లో 175 గేట్లతో నిర్మించిన బ్యారేజీ' అన్న ఒక్క వాక్యంలో నూట ముప్పై ఏళ్లు కలిసిపోతాయి. విజయవాడ సంగతీ చెప్పాలి. అక్కడ కృష్ణ మీద పాత ఆనకట్ట పనిని నడిపించినది కాటన్ కాదు, కెప్టెన్ చార్లెస్ ఓర్. దాని స్థానంలో వచ్చినదే ప్రకాశం బ్యారేజీ.

దేశంలో కాటన్ పేరున్న మిగతా చోట్లలో చాలావాటికి మన దొరతో సంబంధం లేదు. గువాహటిలో 1901లో పెట్టిన కాటన్ కాలేజీ, ఇప్పటి కాటన్ విశ్వవిద్యాలయం, అస్సాం చీఫ్ కమిషనర్ సర్ హెన్రీ కాటన్ పేరున ఉంది. ఆయన 1845లో కుంభకోణంలో పుట్టారు, 1904 బొంబాయి కాంగ్రెస్‌కు అధ్యక్షుడు. ఆయనది ఇంగ్లండులోని సెయింట్ ఆల్బన్స్ వైద్యుడు నథానియల్ కాటన్ సంతతి, కాంబర్‌మియర్ ఇల్లు కాదు. సిమ్లా, బెంగళూరుల్లోని బిషప్ కాటన్ పాఠశాలలు కలకత్తా బిషప్ జార్జ్ ఎడ్వర్డ్ లించ్ కాటన్ పేరున. ఆయన 1866లో, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కుష్టియా దగ్గర పడవ ఎక్కబోతూ పలక మీంచి జారి నదిలో పడి చనిపోయారు. బెంగళూరు స్కూల్లో చదివినవారిని 'కాటన్ దొర బడి విద్యార్థి' అని రాయకండి.

'కాటన్ చేతిరాతలు' అంటే పత్తి గుడ్డ మీద రాసినవి అనుకోవడం కూడా సహజమే. అవి ఎక్కువగా తోలు మీద, కొన్ని కాగితం మీద రాసినవి. సర్ రాబర్ట్ బ్రూస్ కాటన్ (1571-1631) సేకరించిన గ్రంథాలయం అది, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. దాని గుర్తింపు సంఖ్య చదివే పద్ధతి భలే ఉంటుంది. ఆయన గదిలో ఒక్కో బీరువా మీద ఒక్కో రోమన్ చక్రవర్తి శిరస్సు బొమ్మ ఉండేది. పన్నెండు మంది సీజర్‌లకు క్లియోపాత్రా, ఫాస్టీనా తోడు. 'కాటన్ విటెలియస్ ఎ.15' అంటే విటెలియస్ బొమ్మ ఉన్న బీరువాలో పై అర, అందులో పదిహేనో పుస్తకం. పాత ఇంగ్లీషు కావ్యం 'బేవుల్ఫ్' చేతిరాత ప్రతి ఉన్నది అందులోనే. 1731 అగ్నిప్రమాదంలో దాని అంచులు కాలాయి. బీరువాలు ఎప్పుడో పోయాయి, చక్రవర్తుల పేర్లు మాత్రం నంబర్లలో మిగిలాయి.

మన అలవాటు వల్ల వచ్చే ఇబ్బంది ఇంకొకటి ఉంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. అందుకని అమెరికా మతబోధకుడు కాటన్ మాథర్‌ను కాటన్ ఇంటివాడిగా లెక్కేస్తాం. ఆయన ఇంటిపేరు మాథర్. తల్లి పుట్టింటి పేరును, అంటే మాతామహుడు జాన్ కాటన్ ఇంటిపేరును, పిల్లవాడికి పేరుగా పెట్టారు. హెన్రీ కాటన్ అన్న పేరుతోనూ ఇద్దరున్నారు. ఒకరు పైన చెప్పిన అస్సాం అధికారి, ఇంకొకరు బ్రిటిష్ ఓపెన్‌ను 1934, 1937, 1948లలో గెలిచిన గోల్ఫ్ ఆటగాడు. హాలీవుడ్ నటుడు జోసెఫ్ కాటన్ ఇంటిపేరు స్పెల్లింగులో చివర 'ఓ' బదులు 'ఇ' ఉంటుంది. తెలుగు లిపిలోకి వచ్చేసరికి ఆ తేడా చెరిగిపోతుంది.

పుష్కర స్నానాల సంకల్పంలో ఆర్థర్‌ను తలచుకునే శ్లోకంలో మాత్రం ఈ పేరు 'కాటనుం' అయి, ద్వితీయా విభక్తి తగిలించుకుని, సంస్కృతంలో చక్కగా ఇమిడిపోయింది. గుడిసెల ఊరి నుంచి అక్కడిదాకా వచ్చింది!

డెస్కులో చేయవలసింది కొంచెమే. తొలి ప్రస్తావనలో పూర్తి పేరు, పుట్టిన సంవత్సరం ఇవ్వండి. సంస్థ పేరులో కాటన్ ఉంటే, స్థాపించిన ఏడాదికి ఆ మనిషి ఎక్కడ ఏ పదవిలో ఉన్నాడో చూడండి. ధవళేశ్వరం ఫొటో కింద 1852 అని వేసే ముందు అందులో గేట్లు కనబడుతున్నాయేమో ఒక్కసారి చూడండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం