నిప్పు జబ్బు గురించి రఘుకు

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం చదివి వారమైంది. ఏళ్ల తరబడి కోపాన్ని మింగుకున్న మనిషి కౌన్సెలింగ్‌కు వస్తే, ఆ కోపాన్ని చల్లార్చాలా, లేక అది చెబుతున్నదేమిటో వినాలా అని అడిగావు. కొరియాలో ఈ బాధకు హ్వాబ్యాంగ్ అని పేరుంది. నిప్పు జబ్బు అని దాని అర్థం. ఛాతీ బిగుసుకుపోతుంది, ఒంట్లో వేడి పైకి ఎగదన్నుతుంది, గొంతులో ఉండ అడ్డుపడినట్టుంటుంది, మాటిమాటికీ నిట్టూర్పు వస్తుంది. అమెరికా మనోవైద్యులు 1994లో వెలువరించిన వర్గీకరణ గ్రంథం కూడా దీన్ని పేర్కొంది. మనవాళ్లు ‘లోలోపల కుమిలిపోతోంది’ అనేది ఇటువంటి మనిషి గురించే కదా!

నీ ప్రశ్నకు దగ్గరగా ఉన్న ఒక ప్రశ్న, అంటే మంచి గుణాలూ కోపంలాంటి భావాలూ ఒకేచోట పుడతాయా అన్నదాని మీద 1559 నుంచి కొన్నేళ్లపాటు ఇద్దరు కొరియా పండితులు ఉత్తరాలతోనే వాదించుకున్నారు. అప్పటికే పేరుమోసిన తోయ్‌గేకూ, కుర్రవాడైన గోబొంగ్‌కూ ఇరవయ్యారేళ్ల తేడా ఉన్నా, పెద్దాయన ఆ కుర్రవాడి ఆక్షేపణలను గౌరవించి తన మాటను సవరించుకున్నాడు. నాకు అది ఎంతో నచ్చింది. ప్రాచీన చైనా తత్వవేత్త మెన్షియస్ చెప్పిన నాలుగు మొలకలు, అంటే జాలి, తప్పు పట్ల సిగ్గూ ఏవగింపూ, వినయం, మంచిచెడుల వివేకం, ఇవి ‘లి’ అనే ధర్మసూత్రం నుంచి పుడతాయనీ, సంతోషం, కోపం మొదలైన ఏడు భావాలు ‘గి’ అనే ప్రాణశక్తి నుంచి పుడతాయనీ తోయ్‌గే వాదన. లి, గి రెంటినీ విడదీయలేమనీ, ఏడు భావాలు హద్దులో ఉన్నప్పటి మంచి రూపమే ఆ నాలుగు మొలకలనీ గోబొంగ్ అన్నాడు.

నేను గోబొంగ్ పక్షమే. అన్యాయం పట్ల ఏవగింపు ఒకచోట, కోపం మరొకచోట పుడతాయని నమ్మితే, రోగి కోపాన్ని మురికిగా భావించి కడిగేయాలనిపిస్తుంది. కానీ హ్వాబ్యాంగ్ రోగి కోపంలో చాలాసార్లు న్యాయం అడిగే గొంతు ఉంటుంది. అలాగని తోయ్‌గేను పక్కన పెట్టలేను. 1568లో ఆయన సొంజో రాజుకు సమర్పించిన పది రేఖాచిత్రాలలో ‘క్యంగ్’ అనే భక్తిపూర్వకమైన ఎరుకకే పెద్దపీట వేశాడు. కోపం రేగిన క్షణంలో దాన్ని తరిమేయకుండా, దాని వెంట పరుగెత్తకుండా నిలబడగలగడానికి అంతకంటె పనికొచ్చే సాధన నాకు తెలియదు.

భావాల గురించిన ఈ ఆలోచనను వైద్యంలో వాడుకున్నవాడు యి జేమా అనే కొరియా వైద్యుడు. 1894లో రాసిన గ్రంథంలో దుఃఖం, కోపం, సంతోషం, ఉల్లాసం అనే నాలుగింటిని ఊపిరితిత్తులు, ప్లీహం, కాలేయం, మూత్రపిండాలతో ముడిపెట్టి, మనుషులను నాలుగు ప్రకృతులుగా విభజించాడు. మనిషిని పెట్టెలో పెట్టడం నాకు ఇబ్బందిగా ఉన్నా, మందు రాసేముందు స్వభావం చూడాలన్న పట్టుదల మాత్రం విలువైనది.

కొరియా వైద్యులు చైనా ప్రాచీన వైద్యం నుంచి తీసుకున్న మరో సూత్రం ఉంది: ఒక భావాన్ని మరో భావం గెలుస్తుంది, కోపాన్ని గెలిచేది దుఃఖం. నీ దగ్గరకు వచ్చే ఆమె మొదటిసారి ఏడ్చిన రోజున ఛాతీ తేలికపడిందని చెప్పిందన్నావు. ఆ ఏడుపుకు ముందు ఆమె ఎవరి గురించి, ఏ అన్యాయం గురించి మాట్లాడిందో గుర్తుంటే, ఆమె పేరు, ఊరు తెలియకుండా నాకు రాయి.

నీ
మాధవ్