నీళ్ళ మీద అరోరాను పట్టడం నేర్పిన బెంగళూరు అన్నలకూ అక్కలకూ

నార్వేలోని లోఫోటెన్ దీవుల్లో అరోరా (ధ్రువాల దగ్గరి ఆకాశంలో రాత్రిళ్ళు ఆడే రంగుల వెలుగు) ఫొటోలు మా చేతికొచ్చాయంటే మీ చలవే. లెన్స్ అరువిచ్చిన అన్నకీ, మిద్దె మీద కూర్చోబెట్టి ఫోకస్ నేర్పిన అక్కకీ మనసారా దండాలు. మీరు చెప్పినవి వెళ్ళబోయేవాళ్ళకు పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాం.

బాగా దూరపువాటికి ఫోకస్ ఇక్కడేనని చూపే, లెన్స్ మీది అనంతం గుర్తును (∞) నమ్మొద్దన్నారు, అదే అన్నిటికన్నా విలువైన మాట. ఫోకస్‌ను మాన్యువల్‌లో పెట్టి, లైవ్ వ్యూలో, అంటే కెమెరా స్క్రీన్ మీద, వెలుగున్న నక్షత్రాన్ని పదింతలు పెద్దది చేసి, అది సూదిమొనంత అయ్యేదాకా ఫోకస్ రింగు తిప్పి, టేపు అతికించాలి. జూమ్ కదిలితే మళ్ళీ మొదటికే. యూవీ ఫిల్టరు తప్పక విప్పాలి. అరోరా పచ్చదనమంతా ఆక్సిజన్ వెలువరించే 557.7 నానోమీటర్ల వెలుగే కాబట్టి, అది ఫిల్టరు అద్దంలో అటూ ఇటూ ప్రతిఫలించి ఫొటో నడుమ వలయాలు పడతాయి. తర్వాత వాటిని తీయడం నరకం.

ఎఫ్ 2.8 (లెన్స్ తెరుచుకునే వెడల్పు), ఐఎస్ఓ 1600 (వెలుగును పట్టే సున్నితత్వం), 8 సెకన్ల ఎక్స్‌పోజరుతో మొదలు. అరోరా తెరలా వేగంగా ఊగుతుంటే ఐఎస్ఓ 3200, 3 సెకన్లు. లేకపోతే మడతలన్నీ కలిసి పచ్చటి మసకైపోతాయి. చీకట్లో కెమెరా స్క్రీన్ మోసం చేస్తుంది, ఫొటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు, హిస్టోగ్రామే చూడాలి. నీళ్ళలో ప్రతిబింబం ఆకాశం కన్నా మసకగా ఉంటుంది. ట్రైపాడ్ కిందికి దించితే చూపు నీటికి ఏటవాలుగా తగిలి ప్రతిబింబం పెరుగుతుంది. నడినెత్తిన ఆడే అరోరా నీళ్ళలో అంతగా దొరకదు, ఉత్తరాన కిందుగా ఉన్నదే దొరుకుతుంది.

చెరువు కావాలంటే సెప్టెంబరులో వెళ్ళాలి. చలికాలంలో అవి గడ్డకడతాయి, వెచ్చటి ప్రవాహం వల్ల అక్కడి సముద్రం మాత్రం కట్టదు. అందుకే చలికాలంలో సముద్రపు ఒడ్డుకే వెళ్ళాలి. అల వెనక్కెళ్ళాక తడి ఇసుక అద్దంలా మెరిసే ఆ కొన్ని క్షణాలే అసలు సమయం. అల ట్రైపాడ్ కాళ్ళ కింది ఇసుకను లాగేస్తుంది కాబట్టి దాన్ని ముందే లోతుగా గుచ్చాలి.

అరోరాలోని ఎరుపు కంటికి ఆనకపోయినా కెమెరాకు చిక్కుతుందని అక్క చెప్పింది నిజం. 2024 మేలో లడఖ్‌లోని హాన్లేలో చిక్కిందీ ఆ ఎరుపే. అక్కడి ఖగోళ అబ్జర్వేటరీని నడిపే సంస్థ మన కోరమంగళలోనే ఉంది.

బ్యాటరీలు లోపలి జేబులో ఉంచాలి. గదిలోకి వచ్చేముందు కెమెరాను జిప్ కవర్లో మూసేయాలి, లేదంటే ఫ్రిజ్ సీసాకు పట్టినట్టు చెమట పడుతుంది.

అన్నా, లెన్స్ ఉప్పు లేకుండా తుడిచి పెట్టాం. ఆదివారం తెచ్చిస్తాం.