మా గజ్జెలు రాత్రి ఎనిమిదికి మోగుతాయండీ

రాష్ట్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. మాది విశాఖపట్నం, పెదజాలారిపేట. గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో రొయ్యలు ఒలుస్తాను. పొద్దున ఆరింటికి బస్సెక్కితే ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరున్నర. ఆ తర్వాత కూచిపూడి నేర్చుకుంటాను. వయసు 31. నవ్వొస్తే నవ్వండి, మా వీధివాళ్ళు ఎప్పుడో నవ్వేశారు.

రోజంతా ఐసు నీళ్ళలో నానిన వేళ్ళు కొయ్యబారిపోతాయి. వేళ్ళన్నీ చాపి పట్టే పతాకం ముద్ర ఎలాగో పడతాను. మయూరం ముద్ర పట్టమంటే ఉంగరం వేలు బొటనవేలి దగ్గరికి రానంటుంది. వేన్నీళ్ళలో కాసేపు ముంచాకే క్లాసుకి బయలుదేరతాను. గంబూట్లలో ఎనిమిది గంటలు నిలబడిన కాళ్ళతో అరమండి, అంటే మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చునే భంగిమ, దాని సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఒక్క లాభం, అరికాళ్ళు రాటుదేలాయి కాబట్టి ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి ఆడే తరంగంలో ఆ అంచు అంతగా కోయదు. రొయ్యల వాసనే ఏ సబ్బుకీ పోదు. మొదట చేరిన చోట ఒకావిడ తన పాపను నా పక్క నుంచి తీసి అవతల నిలబెట్టింది. ఆవిడని ఏమనను? వాసన నిజమే కదా.

అక్కడ మానేసింది మాత్రం టైము వల్ల. నేను అడిగిన చోటల్లా క్లాసు బడి వదిలే వేళకే. ఇప్పుడు ఒక టీచరమ్మ రాత్రి ఎనిమిదికి డాబా మీద నేర్పుతున్నారు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, బట్టల షాపు అమ్మాయి, నేను, మొత్తం ఏడుగురం. వానొస్తే క్లాసు లేదు. కింద వాటా వాళ్ళు చీపురుకర్రతో కప్పు కొడతారు. పోనీ తాళానికైనా కొట్టరు.

ఒకప్పుడు కూచిపూడిలో సత్యభామ వేషం కూడా మగవాళ్ళే కట్టేవారు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారి లాంటి గురువులు ఆడవాళ్ళకూ నేర్పబట్టి మా దాకా వచ్చింది. విజయనగరంలో 1919 నాటి సంగీత కళాశాల ఉంది, కానీ షిఫ్టు దిగి అంత దూరం పోయి రాలేం.

అరంగేట్రానికి డబ్బు అడగడం లేదండీ. వారానికి మూడు రాత్రులు, ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా, ఏదైనా ప్రభుత్వ బడి హాలు తాళం తీయించండి. టీచరమ్మకి కొంత గౌరవవేతనం ఇప్పించండి. సర్టిఫికెట్ పరీక్ష ఆదివారం పెట్టించండి, పనిరోజు పెడితే ఆ రోజు కూలి పోతుంది.

నేల సిమెంటుదైనా ఫరవాలేదు. పైన కప్పుంటే చాలు, జూన్‌లో వానలు మొదలైపోతాయి.

ఇట్లు,
ఒక రొయ్యల ఫ్యాక్టరీ కార్మికురాలు