2025–26 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ఈ సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం.

కామిక్స్, యానిమే (జపాన్ యానిమేషన్ చిత్రాలు) అభిమానులమైన మన సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక వాటిని మళ్లీ వల్లించను. నెలవారీ సమావేశాలు ఆగకుండా జరిగాయి. కామిక్స్ గ్రంథాలయానికి ఇద్దరు సభ్యులు తమ సొంత సేకరణలను ఇచ్చారు, వారికి కృతజ్ఞతలు. బొమ్మలు గీయడంపై వేసవి శిబిరం ఎప్పటిలాగే నిండిపోయింది. ఇక ఈ ఏడాది కార్యవర్గం శ్రమలో సింహభాగం సంక్రాంతి సెలవుల తరువాత హైదరాబాదులో మనం జరిపిన రెండు రోజుల అభిమానుల సమ్మేళనానికీ, అందులో మొదటిసారి ఏర్పాటు చేసిన ఆన్‌లైన్ ఆటల వేదికకూ వెచ్చించాం. కాబట్టి నివేదికలోనూ సింహభాగం దానిదే.

గత సర్వసభ్య సమావేశంలో యువ సభ్యులు పట్టుబట్టిన విషయం ఇది. కామిక్స్‌కు, యానిమేకు, వేషధారణ పోటీకి చోటు ఉన్నప్పుడు తాము రోజూ ఆడే ఆటలకు ఎందుకు లేదని నిలదీశారు. అడగవలసిన ప్రశ్నే. జూన్‌లో ఉపసంఘం వేశాం. ఏ ఒక్క ఆట పేరు మీదా వేదిక కట్టకూడదని మొదటి సమావేశంలోనే తీర్మానించుకున్నాం. దానికి కారణం చెప్పాలి. ఫోన్లలో కుర్రవాళ్లు విపరీతంగా ఆడిన పోరాట ఆట పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించింది. దాని స్థానంలో 2021లో వచ్చిన బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) 2022 జులైలో యాప్ స్టోర్ల నుంచి మాయమై, తిరిగి 2023 మేలో గానీ అందుబాటులోకి రాలేదు. జూన్‌లో కరపత్రం మీద అచ్చు వేయించిన ఆట జనవరికి ఫోన్లలో ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకని ఆటల పేర్లు పక్కన పెట్టి పనులను బట్టి చర్చలు విభజించాం: ఆట తయారీ, పోటీలు, తెలుగు వ్యాఖ్యానం, ఆడపిల్లల అనుభవాలు, తల్లిదండ్రుల సందేహాలు. ఈ విభజన ఉపాధ్యక్షురాలి ఆలోచన. వేదిక నిలబడిందంటే ముందుగా ఆమెకు చెప్పాలి ధన్యవాదాలు.

స్పాన్సర్‌షిప్ గురించి సభ్యులలో రకరకాల మాటలు నడిచాయి కనుక జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. డబ్బు పెట్టి ఆడే ఆటలు నడిపే ఒక వేరే రాష్ట్రపు కంపెనీ మొత్తం వేదిక ఖర్చు భరిస్తామని జూన్‌లోనే ముందుకొచ్చింది. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి అటువంటి ఆటలపై నిషేధం ఉంది. మన సభ్యులలో ఇంటర్ చదువుతున్న పిల్లలున్నారు. వాళ్ల నెత్తిమీద ఆ బ్యానరు కట్టడం తగదని నేను, కోశాధికారి గారు గట్టిగా వాదించాం. ఆ డబ్బు వద్దన్న తీర్మానం స్వల్ప మెజారిటీతో నెగ్గింది. ఇద్దరు కార్యవర్గ సభ్యులు అలిగి తప్పుకున్నారు. ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం తెచ్చింది. 22వ తేదీన రాష్ట్రపతి ఆమోదం పడింది. డబ్బు ఆటలు నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. వాటికి ప్రచారం చేసినా రెండేళ్ల దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా. భారత క్రికెట్ జట్టు చొక్కా మీది స్పాన్సర్ పేరే ఆ నెలలో పోయింది. ఆ బ్యానరు మనం ఒప్పుకుని ఉంటే సంఘం పరిస్థితి ఏమయ్యేదో సభ్యులే ఊహించుకోవాలి.

అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, అంటే నైపుణ్యంతో పోటీగా ఆడే వీడియో ఆటలను, వేరుగా గుర్తించి, ప్రోత్సహించాల్సిన క్రీడగా పేర్కొంది. 2022 డిసెంబరులోనే కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను బహుళ క్రీడా పోటీలలో భాగంగా గుర్తించి క్రీడా శాఖ కిందికి తెచ్చింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రదర్శన పోటీగా ఉన్నప్పుడే మన దేశపు తీర్థ్ మెహతా హార్త్‌స్టోన్ అనే కార్డుల వీడియో ఆటలో కాంస్యం తెచ్చాడు. తరువాతి హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అవి పతకాల పట్టికలో లెక్కకొచ్చే పోటీలయ్యాయి. ఇవన్నీ ఇక్కడ ఎందుకంటే, హాలు అనుమతి కోసం వెళ్లిన కార్యాలయంలో దరఖాస్తు మీద 'గేమింగ్' అన్న మాట చూడగానే ఫైలు పక్కన పెట్టారు. పేకాట క్లబ్బుకు ఇచ్చినట్టు ప్రశ్నావళి ఇచ్చారు. పందెం కాసేవారెందరు, గెలిచిన సొమ్ము ఎక్కడ జమ అవుతుంది అన్నవి అందులోని ప్రశ్నలు. చట్టం ప్రతి తీసుకెళ్లి, సంబంధిత సెక్షన్ల కింద గీత గీసి చూపించినా చదివే ఓపిక అక్కడ లేదు. "పైవాళ్లు చెప్పాలి" అన్నారు. పైవాళ్లు "కిందివాళ్లు రాసి పంపాలి" అన్నారు. పండగకు వారం ముందు గానీ సంతకం పడలేదు. ఈ నగరంలో వీడియో ఆటలు తయారుచేసే ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) వంటి అంతర్జాతీయ సంస్థకు స్టూడియో ఉంది. దేశంలో ఆటలు తయారుచేసేవారి పెద్ద సదస్సు ఏళ్ల తరబడి ఇక్కడే జరిగింది. అలాంటి ఊళ్లో కుర్రవాళ్లు నలుగురు కూర్చుని ఆట గురించి మాట్లాడుకోవడానికి జూదగాళ్లలా సంజాయిషీ చెప్పుకోవాల్సి రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

అన్నట్టు ఆ సదస్సు, ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్, 2025లో చెన్నైకి తరలిపోయింది. నవంబరులో ఎలాగూ ఊళ్లో ఉంటారు కదా, అక్కడే కలిసి పిలుద్దామనుకున్న తయారీదారులను ఫోన్లలో, ఉత్తరాలలో వెతికి పట్టుకోవాల్సి వచ్చింది.

అతిథుల ఎంపికలో ఉపసంఘం పెట్టుకున్న నియమం ఒకటే: యూట్యూబ్‌లో ఎంతమంది చూస్తున్నారని కాదు, ఏ పని చేస్తున్నారని అడగాలి. ఇది అందరికీ నచ్చలేదు. పెద్ద స్ట్రీమర్ (తాను ఆడే ఆటను ఇంటర్నెట్‌లో లైవ్‌గా చూపించేవారు) ఒకరైనా లేకపోతే జనం రారని ఒత్తిడి వచ్చింది. సరేనని ఒకరిని పిలిచాం. విమానం టికెట్టు తీశాం, గది తీసుకున్నాం. ముందురోజు రాత్రి రావడం లేదని ఆయన మేనేజరు ఒక్క వాక్యం సందేశం పంపారు. కుర్చీ ఖాళీగా ఉంది గానీ హాలు ఖాళీగా లేదు. వచ్చే కార్యవర్గానికి నా సూచన ఇది: స్ట్రీమర్లు రాత్రి రెండు మూడు దాకా లైవ్‌లో ఉంటారు కనుక ఉదయం చర్చలో వారిని పెట్టవద్దు. ఖర్చులు ముందే ఇచ్చేటప్పుడు రాకపోతే తిరిగి చెల్లించాలన్న షరతు రాతపూర్వకంగా ఉండాలి. ప్రతి చర్చకు ఒక ప్రత్యామ్నాయ అతిథి ఊళ్లోనే సిద్ధంగా ఉండాలి.

ఇప్పుడు ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన ఘట్టానికి వస్తాను. రెండో రోజు సాయంత్రం వాలరెంట్ అనే జట్టు కాల్పుల ఆట ప్రదర్శన మ్యాచ్, పూర్తిగా తెలుగు వ్యాఖ్యానంతో.

చదరంగం బల్ల వేసుకోవడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. ఆన్‌లైన్ ఆటకు మాత్రం హక్కులు ప్రచురణ సంస్థవి. చిన్న పోటీలకు ఆ సంస్థ ప్రకటించిన నియమాలను మన న్యాయ సలహాదారు వాక్యం వాక్యం చదివి, బహుమతి, ప్రవేశ రుసుము విషయంలో మనం ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో పట్టిక రాసి ఇచ్చారు. దిల్‌సుఖ్‌నగర్‌లో గేమింగ్ సెంటర్ నడుపుతున్న మన సభ్యుడు వారాంతపు బేరం వదులుకుని పది కంప్యూటర్లు ఇచ్చారు. ఆ ఆటలో మోసాలను అడ్డుకునే వాన్‌గార్డ్ అనే ప్రోగ్రామ్ ఉంటుంది. విండోస్ 11 కంప్యూటర్లలో సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగు ఆన్ చేసి ఉండకపోతే అది ఆటనే తెరవనివ్వదు. సాంకేతిక బృందంలోని ముగ్గురు కుర్రవాళ్లు ముందురోజు రాత్రంతా ఒక్కో యంత్రం సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని సరిచేశారు. ఇంటర్నెట్టు రెండు వేర్వేరు కంపెనీల లైన్లు తీసుకున్నాం. ప్రేక్షకుల కేకలు వింటే ప్రత్యర్థి ఎక్కడ దాక్కున్నాడో ఆటగాళ్లకు తెలిసిపోతుంది కనుక వారిని స్పీకర్ల వెనక, తెర కనిపించని చోట కూర్చోబెట్టి చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టాం.

ఐదుగురు ఒకవైపు, ఐదుగురు ఒకవైపు. ముందు 13 రౌండ్లు గెలిచినవారిది మ్యాచ్. వ్యాఖ్యాతలు ఇద్దరు: వరంగల్ నుంచి వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థి, గుంటూరులో డిగ్రీ చదువుతున్న అమ్మాయి. ఇద్దరూ అంతకుముందు ఇంట్లో మైకు పెట్టుకుని చెప్పినవారే తప్ప సభలో చెప్పినవారు కారు. స్కోరు 12–11కి వచ్చింది. అవతలి జట్టు స్పైక్, అంటే ఆటలోని బాంబు, పెట్టేసింది. అది పేలడానికి 45 సెకన్లు, నిర్వీర్యం చేయడానికి ఏడు సెకన్లు కావాలి. ఇవతల ఒక్క అమ్మాయి మిగిలింది, అవతల ఇద్దరు. సగం దాకా తీసి వదిలేస్తే ఆ సగం నిలుస్తుంది, తరువాత మిగతా సగం తీస్తే చాలు. తెర మీద ఏం జరుగుతోందో తెలియని పెద్దవాళ్లకు కూడా అర్థమయ్యేలా గుంటూరు అమ్మాయి చెప్పింది: "పట్టుకుంది... సగం అయింది... వదిలేసింది, పక్కకు తిరిగింది, ఒకడు పడ్డాడు, ఇంకొకడు ఎక్కడ? గోడ వెనక! వాడూ పడ్డాడు! ఇక టైముతోనే పోటీ, మళ్లీ పట్టుకుంది!" రెండో సగం పూర్తయ్యేసరికి హాలంతా లేచి నిలబడింది. 13–11. కబడ్డీకి, క్రికెట్‌కు తెలుగులో వ్యాఖ్యానం వింటూ పెరిగినవాళ్లం మనం. ఈ ఆటకు కూడా అంత సహజంగా తెలుగు పలుకుతుందని ఆ సాయంత్రం చెవులారా విన్నాం. ఈ ఇద్దరికీ వచ్చే ఏడాది పారితోషికం ఇవ్వాలని కార్యవర్గం తరఫున ప్రతిపాదిస్తున్నాను.

మిగతా చర్చల్లో తయారీ విభాగం బాగా రక్తి కట్టింది. ఒక స్టూడియోలో ఆటల్లో లోపాలు వెతికే టెస్టర్‌గా పనిచేస్తున్న యువతి, పాత్ర గోడలో ఇరుక్కుపోయే లోపాన్ని తెర మీద చూపించి, దాన్ని ఎలా నమోదు చేస్తారో వివరించారు. ఏ మెట్టు మీద నిలబడి, ఏ కోణంలో దూకి, ఏ బటన్ ముందు నొక్కితే ఇరుక్కుంటుందో వరుసగా రాయాలి. ఆ రాత చూసి అవతలివాళ్లు అదే లోపాన్ని మళ్లీ రప్పించగలగాలి. ఆటలు ఆడితే జీతమిస్తారా అని నవ్వుతూ వచ్చిన తండ్రులు సీరియస్‌గా నోట్సు రాసుకోవడం చూశాను.

ఆడపిల్లల చర్చ గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అక్కడ చెప్పినవి కొన్ని బయట చెప్పడానికి వారు అంగీకరించలేదు. గొంతు వినగానే వచ్చే బూతులకు భయపడి మైకు ఎప్పుడూ ఆపేసి ఆడతామని వేదిక మీదున్న ముగ్గురూ అన్నారు. మాట్లాడుకుంటూ ఆడాల్సిన జట్టు ఆటలో మైకు ఆపడమంటే సగం ఆట వదులుకోవడమే. మన సంఘం పోటీల్లో ఇకపై ఎవరు నోరు జారినా ఆ రోజుకు బయటికే. ఈ నియమాన్ని ఈ సమావేశం ఆమోదించాలి.

తల్లిదండ్రుల చర్చకు కేటాయించిన సమయం చాలలేదు. బీజీఎంఐలో 18 ఏళ్లలోపు వారికి రోజుకు మూడు గంటల పరిమితి ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. తమ ఫోను నంబరుతో, తమ వయసుతో పిల్లలు ఖాతా తెరిస్తే ఆ పరిమితి పనిచేయదని విన్నాక ఇద్దరు ముగ్గురు అక్కడే ఫోన్లు తీసి చూసుకున్నారు.

వలంటీర్ల విషయం చెప్పకుండా ఉండలేను. వాట్సాప్ గ్రూపులో "నేనున్నాను" అని చేతులెత్తినవారిలో సగం మంది కూడా రాలేదు. కొందరు వచ్చారు, బ్యాడ్జీ, భోజనం కూపను తీసుకుని అతిథులతో ఫోటోలు దిగి వెళ్లిపోయారు. ప్రశ్నల చీటీలు సేకరించేవారు లేక కోశాధికారి గారే వరుసల మధ్య తిరిగారు. అతిథుల గదిలో మంచినీళ్లు పెట్టింది అధ్యక్షుల వారి శ్రీమతి గారు. రెండో రోజు రాత్రి కుర్చీలు మడిచినవారు ఎనిమిది మంది. ఎవరెవరో అందరికీ తెలుసు. వారి పేర్లు అనుబంధంలో మొదటి పుటలో వేయించాను. రాలేనివారు రాలేమని ముందే చెబితే ఎవరికీ బాధ లేదు. మాట ఇచ్చి మాయమయ్యేవారి వల్లే ఇతరుల నడుములు విరుగుతున్నాయి.

జమాఖర్చుల పట్టిక, ఆడిటర్ నివేదిక జత చేశాం. స్పాన్సర్ లేని లోటును సభ్యుల విరాళాలు, దుకాణాల అద్దె పూడ్చాయి. రాని అతిథి టికెట్టు సొమ్ము ఇంకా రావలసి ఉంది. వివరాలు కోశాధికారి గారు చదువుతారు.

కంప్యూటర్లిచ్చిన సభ్యునికి, న్యాయ సలహాదారుకు, సాంకేతిక బృందానికి, డీజిలు ఖర్చు తీసుకోకుండా జనరేటరు పంపిన పెద్దాయనకు, రెండు రోజులూ పులిహోర, పెరుగన్నం సమయానికి అందించిన మహిళా సభ్యులకు, సొంత ఖర్చుతో వచ్చి మాట్లాడిన అతిథులకు సంఘం తరఫున హృదయపూర్వక ధన్యవాదాలు.

2026 సెప్టెంబరు 19న జపాన్‌లోని ఐచి–నగోయాలో ఆసియా క్రీడలు మొదలవుతాయి. అందులోనూ ఈ-స్పోర్ట్స్ ఉన్నాయి. ఆ పోటీలను సంఘ కార్యాలయంలో తెలుగు వ్యాఖ్యానంతో కలిసి చూసేందుకు ప్రసార హక్కుల నిబంధనలు పరిశీలిస్తున్నాం. వచ్చే సమ్మేళనానికి హాలు దరఖాస్తు ఈసారి జులైలోనే పెట్టాలి. ఆటల ఉపసంఘంలో ఐదు స్థానాలు ఖాళీగా ఉన్నాయి. నిజంగా పనిచేయగలిగినవారు ఈ సమావేశం ముగిసేలోగా వేదిక దగ్గరున్న పుస్తకంలో పేరు, ఫోను నంబరు రాసి సంతకం చేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి