మారేడు కొమ్ముల బస్తా గురించి ఒక మనవి

అందరికీ నమస్కారం. పచ్చడి కోసం అందరం కలిసి ఒక బస్తా మారేడు కొమ్ములు తెప్పిద్దామని నిన్న గ్రూపులో అనుకున్నారు. ఇవి మారేడు (బిల్వ) చెట్టువి కావు, ఒక అడవి తీగ వాసన వేర్లు; మన బెంగళూరు అంగళ్లలో మాకళి బేరు అని అమ్మేది ఇదే. దయచేసి ఆ ఆలోచన మానుకుందాం.

ఆ రుచి నాకూ ప్రాణం. అమ్మ పైతొక్క గీకి, మధ్యలోని గట్టి ఈనె తీసేసి, ముక్కలను మజ్జిగలో ఊరవేసేది. జాడీ మూత తీస్తే ఇల్లంతా వాసనే! రాయలసీమ నన్నారి షర్బత్తుకూ ఈ వేరు వాడతారు.

కానీ ఇది నల్లమల, శేషాచలం, బిళిగిరి రంగన కొండల్లాంటి చోట్ల బండల సందుల్లో పెరిగే తీగపొద. ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది. వేరు తవ్వితే పూతా లేదు, గింజా లేదు, మొక్కే ఉండదు. అంగడికి వచ్చేది చాలావరకు అడవిలో తవ్వినదే. అంతర్జాతీయ ఎర్ర జాబితాలో ఇది అంతరించే ప్రమాదమున్న జాతి.

మా మేడ మీద డ్రమ్ములో గింజతో మొలిపించిన మొక్క ఈ ఏడు తొలిసారి పూసింది. చిన్న పూలు, గుత్తులు గుత్తులుగా. కాయలు జంటగా కాస్తాయి. జిల్లేడు గింజకు లాగే వీటి గింజకూ పట్టు కుచ్చు ఉంటుంది. గాలికి ఎగిరిపోకముందే ఏరి, అడిగిన వారందరికీ పంచుతాను. నీరు నిలవని ఎర్రమట్టి సిద్ధం చేసుకోండి. ఆదివారం ఉదయం వస్తే పూలు చూడవచ్చు.