మా బెల్లం తింటోందండీ, అందరికీ పేరుపేరునా (పేర్లు రాయకుండానే) థాంక్స్

ముందు అందరూ అడుగుతున్నదానికి జవాబు చెప్పేస్తా. బెల్లం, అదే మా కుక్క, తింటోంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మధ్యలో మేం కంచాల ముందు కూర్చుంటే మా మొహాలు చూసి ఇంకోసారి. మొన్న డాక్టర్ గారి దగ్గర తూకం వేస్తే 14 కిలోలు వచ్చింది, మా ఇంటికొచ్చినప్పుడు 11 ఉండేది. "తిందా? ఇవాళైనా తిందా?" అని ఫోన్లు చేసినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పాలనే ఉంది కానీ కుదరట్లేదు, అందుకే ఒకేచోట రాసేస్తున్నా, పెద్దగానే అవుతుంది, ఓపిక చేసుకోండి. పేర్లు రాయొద్దని చాలామంది అన్నారు కాబట్టి రాయట్లేదు, ఎవరి ముక్క వాళ్ళకి తెలిసిపోతుంది.

సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. అనకాపల్లి దగ్గర హైవే పక్కన మూసేసిన షెడ్డు ఒకటుంది, అందులో దీన్ని గొలుసుతో కట్టేసి ఎవరో వదిలేసి పోయారు. ఎవరో మాకు తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు. గాజువాకలో రోజూ వీధికుక్కలకి అన్నం పెట్టే అక్క ఒకావిడ ఉన్నారు, ఆవిడ వెళ్ళి విప్పించి తెచ్చారు. ఆవిడ ఇంట్లో అప్పటికే చాలా ఉన్నాయి, "కొన్నాళ్ళు ఉంచుకోమ్మా" అని మాకప్పగించారు. రంగు చూస్తే అచ్చం అనకాపల్లి బెల్లం, దొరికిందీ అక్కడే, ఇంక వేరే పేరు ఏం వెతుకుతాం. (పేరే బెల్లం. దానికి బెల్లం పెట్టట్లేదు. నిజంగానే అడిగారండీ ఒకరు.)

వచ్చిన దగ్గర్నుంచి మంచం కింద గోడకి ఆనుకుని ఒకటే కూర్చోవడం. ఉడికించిన చికెన్ పెడితే చూడదు, గుడ్డు చూడదు, పాలన్నం చూడదు, షాపులో కొన్న కుక్కల ఫుడ్డు అయితే వాసన కూడా చూడలేదు. రాత్రి మేం లైట్లు ఆర్పేశాక నీళ్ళు మాత్రం తాగేది, పొద్దున లేచేసరికి గిన్నెలో నీళ్ళు తగ్గి ఉండేవి, అదొక్కటే మాకు ధైర్యం.

మొదటి థాంక్స్ గాజువాక అక్కకే. కుక్కనిచ్చి వదిలేయలేదు, రోజూ రాత్రి తన కుక్కలన్నిటికీ పెట్టడం అయ్యాక ఫోన్ చేసేవారు. "అది మారాం చెయ్యట్లేదమ్మా, భయపడుతోంది, రెండూ ఒకటి కాదు" అన్నారు మొట్టమొదట. బాగా భయపడిన కుక్క ఒళ్ళంతా పారిపోవడానికే సిద్ధంగా ఉంటుందట, ఆ టైములో కడుపు పని కూడా నెమ్మదిస్తుంది, పరీక్షకెళ్ళే రోజు పొద్దున మనకి ఇడ్లీ గొంతు దిగదు చూడండి, అలాగన్నమాట. ఆవలిస్తే నిద్రొచ్చి కాదు, ఊరికే మూతి నాక్కోవడం, తల పక్కకి తిప్పేసుకోవడం, కంట్లో తెలుపు కనపడేలా ఓరగా చూడటం, ఇవన్నీ "దగ్గరికి రాకు" అని చెప్పడమే అని ఆవిడ వివరంగా చెప్పారు. ఇంకో మాట కూడా చెప్పారు, ఇది మాత్రం ఇలాంటి కుక్కని తెచ్చుకునే ప్రతివాళ్ళకీ తెలియాలి. చేతిలో ముక్క పట్టుకుని "రా రా" అని పిలవొద్దు. తిండేమో కావాలి, కానీ అది ఉన్నది తను భయపడే మనిషి చేతిలో, పాపం అటూ ఇటూ నలిగిపోతుంది. అదే ముక్కని దాని వెనకవైపు పడేలా మెల్లగా వేస్తే, తినాలంటే మన నుంచి దూరంగా వెళ్ళాలి, అది దానికి హాయి, వెళ్ళి తిని, మళ్ళీ తనంతట తనే ఓ అడుగు ముందుకేస్తుంది. ఫోన్లో విన్నప్పుడు ఇదేదో తిరకాసు లెక్కలా ఉందే అనుకున్నా. ఇప్పుడు వీధిలో వేరే కుక్కలకి కూడా అలాగే వేస్తున్నా.

డాక్టర్ గారికి ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. "భయమే కదా, అదే తింటుందిలే అని కూర్చోకండి, పెద్ద కుక్క రెండు రోజులు ముట్టకపోతే చూపించాల్సిందే, పిల్లలైతే అంతసేపు కూడా ఆగకూడదు" అని వెంటనే రమ్మన్నారు. తీసుకెళ్తే క్లినిక్ నిండా కుక్కలు, మొరుగుళ్ళు, ఇది ఆటోలో సీటు కింద దూరి వణికిపోతోంది. ఆయన విషయం విని స్టెతస్కోపు మెళ్ళో వేసుకుని బయటికొచ్చేశారు, ఆటోలోనే చూశారు, ఆటో అన్న ఇంజను ఆపేసి చప్పుడు చెయ్యకుండా అవతల నిలబడ్డాడు, వెయిటింగ్ చార్జీ ఇస్తే తీసుకోలేదు (అన్నా, నీకూ థాంక్స్). కుక్కలకి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీలు ఉంటుందట, దీనికి 104 ఉంది. చిగుళ్ళు పాలిపోయాయి. చెవుల లోపల పిడుదులు. రక్తం తీసి పంపితే టిక్ ఫీవర్ (పిడుదులు కుడితే వచ్చే జ్వరం) అని వచ్చింది, ప్లేట్‌లెట్స్ బాగా పడిపోయాయి. అంటే భయం ఉంది, దాని కింద జ్వరం కూడా ఉంది. ఆయన అడగకపోతే మేం భయం గురించే మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళం.

ఇక్కడే అసలు చిక్కు. దానికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ నాలుగు వారాలు వెయ్యాలి, అది పరగడుపున వేస్తే వాంతులు, వాంతులైతే తిండి మీద ఇంకా విరక్తి. తింటేనే మందు, మందు పడితేనే తిండి. సరే పెరుగన్నంలో కలిపేద్దామా అంటే వద్దన్నారు, పాలు పెరుగుల్లో ఉండే కాల్షియం వల్ల ఆ మందు ఒంటికి సరిగ్గా పట్టదట. ముందు వికారం తగ్గడానికి ఇంజెక్షన్ ఇచ్చి, ఒక సెలైన్ పెట్టి, "ఇంక ఏదో ఒకటి, దానికిష్టమైన వాసన ఉన్నది పట్టుకోండి" అన్నారు. నోరు తెరిచి సిరంజితో పోసెయ్యమని సలహా ఇచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, మీ మనసు మంచిదే, కాదనను, కానీ డాక్టర్ గారు గట్టిగా వద్దన్నారు. పెనుగులాటలో ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, పోకపోయినా ఆ తర్వాత మనిషి చెయ్యి చూస్తేనే వణుకుతుంది, అప్పుడు మొదటికే మోసం.

వాసన సంగతి తేల్చింది చేపల అప్ప. పెద వాల్తేరులో మా వీధికి పెద జాలారిపేట నుంచి గంప ఎత్తుకుని వస్తుంది, మా గుమ్మంలో ఎప్పుడూ దించదు, ఎందుకంటే మా ఓనర్ గారు వాళ్ళు శాకాహారులు. ఆ రోజు నేను వరండాలో మొహం వేలాడేసుకుని ఉంటే ఏటైందమ్మా అని అడిగి, కిటికీలోంచి మంచం కిందకి తొంగి చూసి, మా ఆయన గిన్నె పట్టుకుని దాని ఎదురుగా బాసింపట్టు వేసుక్కూర్చుంటే చూసి ఒకటే నవ్వు. "నువ్వలగ ఎదురుగుండా కూకుని దాని మొకంలోకి సూత్తుంటే అదేటి తింటాది బాబూ? నిన్నెవులైనా అలగ సూత్తే నువ్వు తింటావేటి?" అంది. మా ఆయన ఆ మాటకి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు, మళ్ళీ గిన్నె పట్టుకుని దాని ముందు కూర్చోలేదు. తర్వాత అప్ప గుప్పెడు పచ్చి నెత్తళ్ళు (చిన్న చిన్న చేపలు) కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది. ఎండువి వద్దు, వాటికి ఉప్పు పట్టించి ఉంటుంది, ఇవి ఉత్తి నీళ్ళలో ఉడకబెట్టు, వాసనకే వస్తాది చూడు అంది. డబ్బులు తియ్యబోతే కోప్పడింది, "కుక్కకి పెట్టినదానికి డబ్బులేటి". ఆ తర్వాత కూడా రోజూ కాస్త తీసి పక్కన పెట్టి ఇచ్చేది, ఇప్పుడైతే మొహమాటం లేకుండా కొనుక్కుంటున్నాం.

ఉడకబెట్టడం ఎక్కడ మరి? ఓనర్ గారు, ఆంటీ గారు ఇద్దరూ వెల్లుల్లి వాసన కూడా పడని మనుషులు. భయపడుతూనే వెళ్ళి అడిగా. అంకుల్ ఒక్క నిమిషం ఆలోచించి, మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన ప్లగ్గు పాయింట్ ఉంది, ఇండక్షన్ స్టవ్ పెట్టుకో, గిన్నె మాత్రం కిందకి తేకు అన్నారు. మసాలా ఏమైనా వేస్తారా అని ఆంటీ అడిగితే, ఉల్లీ వెల్లుల్లీ కుక్కలకి అస్సలు పెట్టకూడదాంటీ, రక్తంలో ఎర్రకణాలు పాడైపోతాయి, దీనికి అసలే రక్తం తక్కువ అని చెప్పా. ఆవిడ మొహం వెలిగిపోయింది. "అయితే అది మా మనిషేనే!" అన్నారు. నెత్తళ్ళ సంగతి ఆవిడ దగ్గర మళ్ళీ ఎత్తలేదు నేను.

వేడి సంగతి కూడా చెప్పాలి, ఫ్రిజ్‌లోంచి తీసింది అలాగే పెడితే వాసన రాదు, మరీ వేడిగా ఉంటే మూతి కాలుతుంది, చెయ్యి పెడితే గోరువెచ్చగా తగలాలి. కుక్కకి నాలుక కంటే ముక్కే ముఖ్యం.

ఇప్పుడు మా పక్కింటి బాబు. టెన్త్ చదువుతున్నాడు, ఇంట్లో చదవట్లేదని వాళ్ళమ్మ మా ఇంటికి తోలేస్తుంది. గాజువాక అక్క, ఎవరైనా దాని వైపు చూడకుండా కూర్చుని మెల్లగా ఏదో ఒకటి చదువుతూ ఉంటే గొంతు అలవాటు పడుతుంది అన్నారు, వీడికి ఆ డ్యూటీ వేశాం. గోడవైపు తిరిగి కూర్చుని సోషల్ పాఠం చదివేవాడు, ఆ చదువుకి మా ఆయనకి నిద్ర వచ్చేది, బెల్లానికి మాత్రం చెవులు లేచేవి. స్టీలు గిన్నె గురించి కనిపెట్టింది కూడా వీడే. వీడు తింటుంటే బిస్కెట్ ముక్క నేల మీద పడింది, అందరూ లోపలికెళ్ళాక చూస్తే లేదు. "ఆంటీ, అది గిన్నెకి భయపడుతోంది, టైల్స్ మీద గిన్నె జరిగితే గొలుసు చప్పుడులా లేదూ" అన్నాడు. ఇంత పెద్ద పెద్దవాళ్ళం ఇంతమందిమి ఉన్నాం, మాకెవ్వరికీ తట్టలేదు. వెంటనే పూర్ణా మార్కెట్ నుంచి అడ్డాకు విస్తళ్ళు తెప్పించాం, పాడేరు వైపు నుంచి వస్తాయే, ఈనుపుల్లలతో కుట్టినవి, అవి. చప్పుడు లేదు, మెరుపు లేదు, వీధిలో పుట్టిన కుక్క ఎప్పుడో ఒకప్పుడు ఆకులో తినే ఉంటుంది.

ఆ సాయంత్రం విస్తరిలో మెత్తగా చిదిమిన అన్నం, పైన నాలుగు నెత్తళ్ళు, ఉడికిన నీళ్ళు కాస్త, మంచానికి మూరెడు దూరంలో పెట్టి మేం వంటింట్లోకి వెళ్ళిపోయాం. బాబు గోడవైపు తిరిగి చదువుతున్నాడు. కాసేపటికి వాడు అదే లైను మళ్ళీ మళ్ళీ చదవడం వినపడింది. ఏంట్రా అని తొంగి చూడబోతే చెయ్యి వెనక్కి పెట్టి ఆగండి ఆగండి అని సైగ చేస్తున్నాడు, తల తిప్పట్లేదు, చదువు ఆపట్లేదు, ఆపితే అది ఆపేస్తుందేమోనని. వాడి వెనక ఆకు గరగరమంటోంది. మా ఆయన కళ్ళు తుడుచుకున్నారు, రాయొద్దన్నారు, రాసేశా.

తిన్నది కదా అని కడుపు నిండా పెట్టేయలేదు, డాక్టర్ గారు ముందే హెచ్చరించారు. చాలారోజులు మాడిన ఒంటికి ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో లవణాలు తారుమారై ప్రాణం మీదకొస్తుందట, గుప్పెడు గుప్పెడు చొప్పున రోజుకి నాలుగుసార్లు పెట్టి మెల్లగా పెంచాం. మాత్ర నెత్తలి పొట్టలో పెట్టి ఇచ్చేవాళ్ళం, గుటుక్కున మింగేసేది.

అంతా బాగుంది అనుకుంటుండగా నేవీ వాళ్ళ విమాన విన్యాసాల రిహార్సల్స్ మొదలయ్యాయి. బీచ్ రోడ్డు దగ్గర ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇంటి మీంచి జెట్టు వెళ్తే కిటికీ అద్దాలు గజగజ. బెల్లం మళ్ళీ మంచం కిందకి, మళ్ళీ తిండి బంద్. రెండిళ్ళవతల రిటైర్డ్ నేవీ అంకుల్ ఉన్నారు, ఆయన ఏ రోజు ఏ టైములో ఎగురుతాయో కనుక్కుని పొద్దున్నే గేటు దగ్గర చెప్పి వెళ్ళేవారు, దాన్నిబట్టి చీకటుండగానే ఒక పూట తిండి పెట్టేసి, ఆ టైముకి కిటికీలు మూసి, టీవీ పెట్టి, ఫ్యాను ఫుల్లుగా తిప్పేవాళ్ళం. ఇవతలింటి పిన్నిగారు కుక్కర్ పెట్టే ముందు ఫోన్ చేసి "విజిల్ వస్తుంది, కాస్త చూసుకో" అనేవారు. కుక్కర్ విజిల్‌కి ఎవరైనా ముందుగా ఫోన్ చేస్తారా చెప్పండి, ఈవిడ చేశారు, అన్ని రోజులూ చేశారు.

డబ్బులు పంపినవాళ్ళకి లెక్క చెప్పాలి. రక్త పరీక్షలు, మందులు, ఇంజెక్షన్లకి పోగా కొంత మిగిలింది, అది గాజువాక అక్కకి ఇచ్చేశాం, అక్కడ రేబిస్ టీకాలు వేయించాల్సినవి ఉన్నాయి. బిల్లులన్నీ నా దగ్గరే ఉన్నాయి, ఎవరు అడిగినా చూపిస్తా. బెల్లానికి టీకా, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, రెండూ రక్తం కాస్త పుంజుకున్నాక చేద్దాం అన్నారు డాక్టర్ గారు.

దాన్ని పెంచుకుంటామని అడిగిన సీతమ్మధార వాళ్ళకి, మధురవాడ వాళ్ళకి: సారీ అండీ, ఇవ్వట్లేదు. కొన్నాళ్ళకే అని తెచ్చుకున్నమాట నిజమే, కానీ మొన్న ఓనర్ ఆంటీ స్వయంగా వచ్చి "మా బెల్లాన్ని ఎవరికో ఇచ్చేస్తారటగా" అని గొడవ పెట్టుకున్నారు. మీరిద్దరూ గాజువాక అక్కని కలవండి, అక్కడ ఇంకా ఉన్నాయి.

ఆఖరుగా, పెద్ద కేజ్ అరువిచ్చిన ఎంవీపీ కాలనీ తమ్ముడూ, దాన్ని ఒక్కరోజు కూడా వాడలేదు, గొలుసులో ఉండొచ్చిన కుక్కని మళ్ళీ బోనులో పెట్టబుద్ధి కాలేదు, కడిగి తుడిచి వరండాలో పెట్టా. ఆదివారం ఇంట్లోనే ఉంటాం, వచ్చి తీసుకెళ్ళు. బెల్ కొట్టకు, గేటు దగ్గర్నుంచి ఫోన్ చెయ్యి, కాస్త చీకటి పడ్డాక వస్తే భోజనం కూడా చేసి వెళ్దువుగాని.